జీలుగుమెట్ట చుక్క

తొమ్మిది రోజులపాటు ఊర్మిళ విశాఖపట్నంలోని ఒక చిన్న గదిలో కూర్చుని గుణింతాలు చదివింది. గోడల నిండా మెత్తటి పలకలు అంటించిన గది అది. అందులో మాట్లాడితే మన గొంతు మనకే కొత్తగా వినిపిస్తుంది. అక్షరాలయ్యాక మాటలు, మాటలయ్యాక వాక్యాలు. అడిగినట్టు, మెచ్చుకున్నట్టు, చిన్నగా మందలించినట్టు, ఒక్కొక్కటీ నాలుగైదు రకాలుగా చదవాలి.

"ఇది ఆఫీసర్లకి చెప్పినట్టుంది ఊర్మిళా. తరగతిలో పిల్లకి చెప్పినట్టు చెప్పు," అనేది అద్దం అవతల కూర్చున్న డాక్టర్ గొర్లె హైమవతి.

ఊర్మిళ కళ్ళు మూసుకుని, ఐదో తరగతిలో కిటికీ పక్కన కూర్చునే సీదరి మంగ్లిని తలుచుకునేది. అప్పుడు గొంతు దానంతటదే కుదిరేది.

వంతాల ఊర్మిళ మన్యంలో ఒక ఆశ్రమ పాఠశాలలో టీచరు. కరోనా వచ్చిననాడు ఆమె అదే బడిలో మూడో తరగతి పిల్ల. అప్పుడు బడి మూసి ఇళ్ళకి పంపేశారు. పాఠాలు ఫోన్లలో చెబుతున్నారని విన్నదే తప్ప వాళ్ళ ఊళ్ళో ఫోనూ లేదు, సిగ్నలూ లేదు. రెండేళ్ళకి తిరిగొచ్చేసరికి తనతో చదివిన ఇరవైమందిలో ఏడుగురే మిగిలారు. రానివాళ్ళలో కొందరు మేకలు కాసుకుంటున్నారు, కొందరు ఇటుక బట్టీలకి వెళ్ళిపోయారు. ఈ ఇరవై ఏళ్ళలో సెల్ టవర్లు తారురోడ్డు వెంబడి చాలా దూరం వచ్చాయి గాని కొండలెక్కలేదు. ఇప్పుడు ఊపిరి జ్వరం అనే కొత్త అంటురోగం వచ్చింది. జూన్‌లో తెరిచిన బడి పది రోజులకే మూసేశారు. పిల్లల్ని జీపుల్లో ఎక్కించి కొండల కింద దింపి రమ్మన్నారు. జీపు కదులుతూంటే మంగ్లి వెనక్కి తిరిగి, "టీచర్, భాగహారంలో శేషం మిగిలితే దాన్నేం చెయ్యాలి?" అని అడిగింది. సమాధానం చెప్పేలోపు జీపు మలుపు తిరిగిపోయింది.

ఆ ప్రశ్న ఊర్మిళను నిద్రపోనివ్వలేదు. ఈ ఏడు కూడా ఏడుగురే మిగులుతారా అన్న భయం పట్టుకుంది. అలాంటప్పుడే, కొండ ఊళ్ళకి పాఠాలు పంపడానికి ఒక టీచరు కావాలని హైమవతి నుంచి కబురొచ్చింది.

హైమవతికి యాభై దాటాయి. గనుల్లో చిక్కుకుపోయినవాళ్ళకి కబురు పంపడానికని పద్దెనిమిదేళ్ళుగా ఒకే పరికరం మీద పనిచేస్తోంది. గాలిలోంచి కాకుండా నేలలోంచి, రాతిలోంచి సంకేతాలు పంపే పరికరం. కొండ అడ్డం వస్తే ఫోను తరంగం ఆగిపోతుంది. దీనికి కొండే దారి. కాకపోతే నేలలోంచి వెళ్ళే తరంగం నత్తనడక నడుస్తుంది. నిమిషానికి నలభై అక్షరాలకి మించి మొయ్యలేదు. గొంతును మోసే శక్తి దానికి లేదు.

"అందుకని గొంతును ముందే పెట్టెలో పెట్టేస్తాం," అంది హైమవతి. "నువ్వు బడి దగ్గర కూర్చుని అక్షరాలు టైపు చేస్తావు. అవి నేలలోంచి వెళ్తాయి. అక్కడ పెట్టె వాటిని నీ గొంతుతో పలుకుతుంది. పిల్లలకి నువ్వే పక్కన కూర్చుని చెబుతున్నట్టుంటుంది."

"మరి వాళ్ళేమంటున్నారో నాకెలా తెలుస్తుంది మేడం?"

"పెట్టె మీద ఒక మీట ఉంటుంది. పాఠంలో ఒక్కో ముక్క అవగానే పెట్టె 'అర్థమైందా?' అని అడుగుతుంది. అయితే నొక్కుతారు. ఆ నొక్కు ఒక్కటీ వెనక్కి రాగలదు. నీ తెర మీద ఆ ఊరి చుక్క పచ్చగా వెలుగుతుంది. పది నిమిషాలైనా నొక్కకపోతే పెట్టె అదే ముక్క మళ్ళీ చెబుతుంది. మూడుసార్లు చెప్పినా నొక్కకపోతే బ్యాటరీ అయిపోకుండా మర్నాటి దాకా ఊరుకుంటుంది."

"అర్థం కాలేదని చెప్పడానికి మీట లేదా?"

"ఒక్క మీటకే సరిపోతోందమ్మా శక్తి. ఈసారికి ఇంతే."

*

బడి ఆవరణకు ఆ చివర ఒకటి, ఈ చివర ఒకటి, రెండు నిలువుల లోతున రాగి కడ్డీలు దింపారు. పదిహేడు పెట్టెలు పదిహేడు ఊళ్ళకి చేర్చారు. ఒక్కో పెట్టె చిన్న పీట అంత ఉంటుంది. పైన సూర్యరశ్మితో పనిచేసే పలక, పక్కన నేలలో గుచ్చడానికి ఒక ఇనుప చువ్వ. పెట్టెలు ఇచ్చి వచ్చిన మర్నాడే ఊళ్ళవాళ్ళు దారులకు అడ్డంగా దుంగలు పడేసుకున్నారు. పైవాళ్ళు కిందకి రాకూడదు, కిందవాళ్ళు పైకి వెళ్ళకూడదు. మండలం ఆఫీసు ఉత్తర్వు కూడా అదే.

టైపు చేసే మనిషి బడిలోనే ఉండాలి. ఊర్మిళ అన్నయ్యది పాడేరు. అక్కడికి వెళ్ళి తలుపులేసుకుని కూర్చోవచ్చు. ఆమె వెళ్ళలేదు. మూడువందలమంది పిల్లలు పడుకునే హాలు, పొడుగాటి వరండా, ఇత్తడి గంట, వంటశాల, అన్నీ ఆమెకొక్కదానికే మిగిలాయి. వాచ్‌మన్ జోగారావు వారానికోసారి వచ్చి సరుకులు గేటు దగ్గర దింపేవాడు. దగ్గరకొచ్చేవాడు కాదు.

"టీచరమ్మా, బియ్యం, బంగాళదుంపలు గేటుకాడ ఎట్టినాను. నాను ఎల్లిపోయినాక తీసుకో," అని దూరం నుంచి అరిచేవాడు. "ఒంట్లో బాగుందేటి?"

ఆమె చెయ్యి ఊపేది. అతను వెళ్ళిపోయేవాడు. ప్రతి సోమవారం పదింటికి విశాఖలోని హైమవతి ల్యాబ్‌తో ఉపగ్రహం మీదుగా పది నిమిషాలు మాట. వారానికి ఆమె మరో మనిషితో మాట్లాడేది ఆ పది నిమిషాలే.

మొదటిరోజు పొద్దున్న తొమ్మిదింటికి టైపు చేసింది. "బాగున్నారా పిల్లలూ. నేను ఊర్మిళ టీచర్‌ని." ఆ రెండు చిన్న వాక్యాలు కొండలు దాటడానికి దాదాపు అర నిమిషం పట్టింది. తరవాత, ఆపైన రోజూ చేసినట్టే, ఊరూరికీ ఒక పిల్ల పేరు పెట్టి పలకరించింది. రాళ్ళగెడ్డ బురుదు, నేరేడువలస సుకుమతి, జీలుగుమెట్ట మంగ్లి. చివర అక్కడ పెట్టె తన ప్రశ్న, 'అర్థమైందా?' అని అడిగి ఉంటుంది.

తెర నల్లగా ఉంది. ఊర్మిళ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నాలుగు నిమిషాల తరవాత ఒక చుక్క వెలిగింది. ఆ వెనకే రెండు, ఐదు, పదకొండు. పదిహేడూ వెలిగేసరికి ఆమె కుర్చీలోంచి లేచి, ఎవరికి చెప్పాలో తెలియక, వరండా చివరిదాకా నడిచి వెనక్కి వచ్చింది.

అన్నిటికన్నా ఆలస్యంగా వెలిగింది జీలుగుమెట్ట చుక్క. ఆమెకు నవ్వొచ్చింది. మంగ్లి ఎప్పుడూ అంతే. తొందరపడదు. అడిగిన ప్రశ్నను నోట్లో వేసుకుని నమిలినట్టు కాసేపు ఊరుకుని, అప్పుడు చెబుతుంది. తల్లి లేదు. తండ్రి రాజమండ్రి అవతల ఇటుక బట్టీలో ఉన్నాడు. ముసలి నానమ్మ ఒక్కతే దాన్ని పెంచుతోంది.

ఆ వారంలోనే ఊర్మిళ భాగహారం మొదలుపెట్టింది. శేషం అంటే పారేసేది కాదని, ఇంకా పంచుకోవలసింది మిగిలిందని అర్థమని చెప్పింది. జీలుగుమెట్ట చుక్క ఎనిమిది నిమిషాల తరవాత వెలిగింది. ఆ ఎనిమిది నిమిషాలూ మంగ్లి పుల్లతో నేల మీద లెక్క వేసుకుంటూ ఉంటుందని ఊహించుకుంటూ కూర్చుంది.

*

ఆగస్టులో వానలు ముదిరాయి. చుక్కలు తగ్గసాగాయి. పదిహేడు పన్నెండయ్యాయి, పన్నెండు తొమ్మిదయ్యాయి.

"వానకి పలకలు తడిసి ఉంటాయి," అంది హైమవతి సోమవారం నాడు. "పొలం పనులు కూడా కదా. భయపడకు. ఏ ఊరు బాగా వస్తోంది?"

"జీలుగుమెట్ట మేడం. మంగ్లి అని తెలివైన పిల్ల. మొదట్లో ఆలోచించి నొక్కేది. రెండు వారాలనుంచి అడిగిన వెంటనే నొక్కేస్తోంది."

"ఎంత వెంటనే?"

"నాలుగైదు క్షణాలు."

అవతల హైమవతి సంతోషంగా ఏదో రాసుకుంటున్న చప్పుడు వినిపించింది. "అంటే పద్ధతికి అలవాటుపడిందన్నమాట. ఆ పిల్లనే కొలతగా పెట్టుకుని ముందుకి వెళ్ళు. ఒకే దారి, ఒకే పాఠం. అందరికోసం ఆగితే ఎక్కడివాళ్ళం అక్కడే ఉండిపోతాం."

ఊర్మిళ ముందుకి వెళ్ళింది. భిన్నాలు, దశాంశాలు, భూమి తిరగడం, రక్తప్రసరణ. జీలుగుమెట్ట చుక్క ఒక్కనాడూ తప్పలేదు. అది వెలిగాక ఇక మిగతావాటికోసం చూసేది కాదు. సెప్టెంబరు నాటికి ఐదో తరగతి పుస్తకం దాటిపోయి ఆరో తరగతిలోకి వచ్చేసింది.

ఒంటరితనం మనిషిని ఎలా మారుస్తుందో ఆమెకు అప్పటిదాకా తెలీదు. ముందు పెద్దగా పాడుకునేది. తరవాత తనలో తను మాట్లాడుకునేది. ఆ తరవాత అదీ పోయింది. గ్లాసు కింద పెట్టినా హాలంతా ప్రతిధ్వనిస్తూంటే చప్పుడు చెయ్యడానికే మొహమాటపడేది. తన గొంతు మాత్రం కొండల మీద రోజూ నాలుగు గంటలు మాట్లాడుతోంది. ఎక్కడో తన గొంతు బతుకుతోందని, ఇక్కడ మిగిలింది అక్షరాలు కొట్టే వేళ్ళేనని అనిపించేది.

ఒకరోజు పాఠం అయ్యాక ఇంకొక వాక్యం టైపు చేసింది. "మంగ్లీ, ఇవాళ వంటశాల వెనక పనసచెట్టు కొమ్మ విరిగింది."

చుక్క వెంటనే వెలిగింది.

మర్నాడు మరొకటి. "మంగ్లీ, రాత్రంతా వాన. ఐదో తరగతి గదిలో నీళ్ళొచ్చాయి. నీ చోటు మాత్రం తడవలేదు." చుక్క వెలిగింది. అక్కణ్ణుంచి అదొక అలవాటైపోయింది. వండుకున్న కూర, పట్టిన పడిశం, పాడేరులో అన్నయ్యకి పుట్టిన కూతురు, ఎవరికీ చెప్పని సంగతులన్నీ రోజుకి నాలుగైదు వాక్యాలు పాఠం చివర చేర్చి పంపేది. పదిహేడు ఊళ్ళూ వింటాయని తెలుసు. అయినా ఆమె చెప్పుకున్నది ఒక్క చుక్కకే. ఎప్పుడు చెప్పినా వినే మనిషి అటువైపు ఉంది. పదేళ్ళ పిల్లే కావచ్చు. చాలు.

అక్టోబరులో ఒక సోమవారం హైమవతి గొంతు వేరుగా వినిపించింది.

"మన ఫలితాలు పైవాళ్ళు చూశారు. జీలుగుమెట్టలో నూటికి తొంభై ఎనిమిది. మొత్తం మీద కూడా బాగానే ఉంది. జ్వరం తగ్గాక కూడా దీన్ని నడిపించాలనుకుంటున్నారు."

"మంచిదే కదా మేడం."

"మంచిదే." హైమవతి గొంతు తగ్గించింది. "ఇరవైమంది లోపు పిల్లలున్న కొండ బడులు ఎందుకు, పెట్టెలు సరిపోతాయి కదా అంటున్నారు. జనవరిలో నా నివేదిక వెళ్ళాక తేలుస్తారు."

అంతలో పది నిమిషాలు అయిపోయి మాట తెగిపోయింది.

*

డిసెంబరు చివర్లో జ్వరం తగ్గింది. దుంగలు తీసేశారని జోగారావు వచ్చి చెప్పాడు. ఆరు నెలల్లో మొదటిసారి గేటు దాటి లోపలికి వచ్చి వరండా మెట్టు మీద కూర్చున్నాడు.

"జీలుగుమెట్ట ఎల్తావా? ఎందుకమ్మా అంత దూరం? పద్నాలుగు కిలోమీటర్లు. సగం కాలిదారే."

"నా పిల్లని చూడాలి జోగారావ్," అంది ఊర్మిళ. తన గొంతు విని తనే ఉలిక్కిపడింది. బొంగురుగా, చాన్నాళ్ళుగా మూసిన తలుపు తీసినట్టుంది.

మంగ్లికోసం రెండు ఆరో తరగతి పుస్తకాలు, ఒక జామెట్రీ బాక్సు సంచీలో పెట్టుకుంది. తెల్లవారుతూనే ఇద్దరూ బయలుదేరారు. మధ్యాహ్నానికి కొండ మీద తొమ్మిది ఇళ్ళు కనిపించాయి. మూడింటికి తలుపులు మూసి ఉన్నాయి. చివరింటి అరుగు మీద పెట్టె ఉంది. దాని పలకను ఎవరో గుడ్డతో శుభ్రంగా తుడిచి ఉంచారు. ఇనుప చువ్వ చుట్టూ మట్టి ఎండిపోకుండా నీళ్ళు పోసి ఉంది. పెట్టె పక్కన ఒక ముసలామె రాగులు చెరుగుతోంది.

"మంగ్లి ఏదమ్మా?" అంది ఊర్మిళ.

ముసలామె చేట ఆపి తలెత్తింది. ఊర్మిళ ముఖం కేసి కాదు, నోటి కేసి చూసింది. ఆమెకు తెలుగు రాదు, కువి ఒక్కటే వచ్చు. ఊర్మిళ కూడా కువి ఇంట్లో పుట్టిన పిల్లే. ఆరో ఏట హాస్టల్లో చేరాక ఆ భాష మాట్లాడనివ్వకపోతే మరిచిపోయింది. వింటే కొంత తెలుస్తుంది, పలకడానికి నోరు తిరగదు. కువి తెలిసిన జోగారావు మాటలు మార్చి చెప్పడానికి మధ్యలో కూర్చున్నాడు.

ముసలామె పేరు దాలింబ. ఆమె చాలాసేపు చెప్పింది. ఏడవలేదు. చెబుతూ చెబుతూ మధ్యలో చేటలో రాళ్ళు ఏరింది.

జోగారావు కండువాతో నోరు తుడుచుకున్నాడు. "ఆ పిల్ల లేదు టీచరమ్మా. వానలు ముదిరిన నెలలోనే జ్వరం తగిలిందట. మూడు రోజులే. ఊళ్ళో నలుగురు పోనారు. తండ్రికి కబురు పంపే దారే లేకపోయింది."

ఊర్మిళ అరుగు మీద కూర్చుండిపోయింది. పెట్టె వైపు చెయ్యి చూపించింది. "మరి ఇది? రోజూ ఎవరు నొక్కారు?"

దాలింబ ఆ ప్రశ్నకు జోగారావు సాయం కోసం ఆగలేదు. అర్థమైనట్టే ఉంది. పెట్టె మీద చెయ్యి వేసి చెప్పింది. జోగారావు ఆగి ఆగి తెలుగులోకి మార్చాడు.

"మనవరాలు పోయిన మర్నాడు పొద్దున్నే పెట్టె మామూలుగానే పలికిందట. ఆ పిల్ల పేరు పెట్టి పిలిసిందట. పిల్ల ఎలగ నొక్కేదో అలగే నొక్కితే మళ్ళీ పలికిందట. నొక్కకపోతే ఊరుకుంటాదని, నొక్కితే మాటాడతాదని తెలిసిందట. ఊళ్ళోవాళ్ళు ఈయమ్మ ముందర ఆ పిల్ల పేరెత్తడం మానేసినారట, ఏడుస్తాదని. ఇదొక్కటే ఆ పేరు పలికేదంట."

ఊర్మిళ పుస్తకాల సంచీ ఒళ్ళో పెట్టుకుని వింటూనే ఉంది. నాలుగైదు క్షణాలు. తెలివి అనుకుంది. హైమవతి అంకె వేసుకుంది. ఆలోచించే పిల్ల ఉన్నన్నాళ్ళూ చుక్క ఆలస్యంగా వెలిగింది. ఆలోచించడానికి ఎవరూ లేనప్పుడు వెంటనే వెలిగింది. అంత తేడా కళ్ళముందు జరిగినా, టీచరై ఉండి, ఎందుకని ఒక్కసారైనా అడగలేదు.

లేచేటప్పుడు దాలింబ ఆమె చెయ్యి పట్టుకుని గొంతు మీద వేలు పెట్టి ఏదో అంది.

"ఆ పెట్టెలో మనిషివి నువ్వేనని పోల్చింది," అన్నాడు జోగారావు. "పెట్టెలో గొంతు బాగుండేది, ఇప్పుడు పాడైపోయింది, ఒంట్లో చూసుకోమంటంది."

పెట్టెను వెనక్కి తీసుకెళ్ళాలని గాని, పాఠాలు ఎల్లకాలం రావని గాని చెప్పడానికి ఊర్మిళకు నోరు రాలేదు. పుస్తకాలు అక్కడ వదల్లేక, మొయ్యలేక, చివరికి మోసుకునే దిగింది.

*

సోమవారం హైమవతికి అంతా చెప్పింది.

"ఒక్క చుక్క ఊర్మిళా. పదిహేడింట్లో ఒకటి."

"ఆ ఒక్కదాన్ని చూసే పాఠం నడిపాను మేడం. మీరు నడపమన్నారు, నేను నడిపాను. మిగతా పిల్లలు ఎక్కడ ఆగిపోయారో నేను చూడలేదు."

"అయితే చూసి రా. ఊహించి చెప్పకు, చూసి చెప్పు. అప్పటిదాకా నివేదిక పంపను."

ఊర్మిళ ఎనిమిది రోజులు కొండలెక్కి దిగింది. రాళ్ళగెడ్డలో పెట్టెను జొన్నచేలో కర్రకి కట్టారు. మనిషి గొంతు వింటే అడవిపందులు రావట. కుంకుడుపాడులో పిల్లలు దాన్ని ఆటగా నొక్కేవారు, ఎవరి వంతుకి వాళ్ళు. మరో ఊళ్ళో అది సెప్టెంబరులోనే పాడైంది. ఇంకో ఊళ్ళో బాగానే ఉంది గాని, ఇద్దరు పిల్లలు భిన్నాల దగ్గర దారి తప్పిపోయి, సిగ్గుపడి వినడం మానేశారు. "మీరు గబగబా ఎల్లిపోనారు టీచర్," అంది వాళ్ళలో ఒక పిల్ల, తప్పు తనదైనట్టు తల వంచుకుని.

నేరేడువలసలో సుకుమతి మాత్రం గోడ మీద బొగ్గుతో పాఠాలన్నీ రాసుకుంది. భాగహారాలన్నీ సరిగ్గా ఉన్నాయి. దశాంశాలు కూడా వచ్చు. తమ్ముడికి కూడా నేర్పింది. ఊర్మిళ ఆ గోడ ముందు నిలబడి చాలాసేపు చదివింది. అంతా అబద్ధం కాదన్నమాట. పదిహేడు ఊళ్ళలో ఈ ఊరొకటి నిజం, భిన్నాల దాకా వచ్చిన ఊరు సగం నిజం.

ఆ వివరాలన్నీ ఉన్నవున్నట్టు రాసి పంపింది. జనవరి మూడో వారంలో హైమవతి స్వయంగా బడికి వచ్చింది. విశాఖలో చూసినప్పటికన్నా మనిషి బాగా చిక్కి, అలిసిపోయినట్టు ఉంది. ఇద్దరూ వంటశాలలో టీ కాచుకుని తాగారు.

"నివేదిక మార్చి రాశాను," అంది. "మీట నొక్కినంత మాత్రాన పాఠం వచ్చినట్టు కాదని, మనిషి ఎదురుగా లేకపోతే ఈ పరికరం సాయమే తప్ప బడి కాదని రాశాను. చనిపోయిన పిల్ల ఐదు నెలలు మొదటి మార్కు తెచ్చుకుందని కూడా రాశాను."

"ఏమన్నారు?"

"కొండ బడులు మూసే ఆలోచన పక్కన పెట్టారు. నా ప్రాజెక్టును కూడా." టీ గ్లాసు రెండు చేతుల మధ్య తిప్పింది. "కడ్డీలు పీకడానికి మనుషులు వస్తున్నారు. ల్యాబ్‌లో గది కూడా వేరేవాళ్ళకి ఇచ్చారు. పద్దెనిమిదేళ్ళు, ఊర్మిళా. ఇంటికి వెళ్తే అక్కడా ఎవరూ లేరు, నీకు తెలుసు కదా."

ఊర్మిళకు తెలీదు. ఏడు నెలలు వారానికి పది నిమిషాలు మాట్లాడింది గాని ఆ మాట ఒక్కనాడూ అడగలేదు.

"క్షమించండి మేడం."

"నువ్వెందుకు? చూసి చెప్పమన్నది నేనే." లేచి గ్లాసు కడిగి బోర్లించింది. "నువ్వు చెప్పకపోయి ఉంటే ఆ ముసలామె బతికున్నన్నాళ్ళూ నా పరికరం నూటికి తొంభై ఎనిమిది తెచ్చుకునేది. అది తలుచుకుంటేనే భయమేస్తోంది."

మర్నాడు కడ్డీలు పీకేశారు. నేలలో రెండు గుంటలు మిగిలాయి. జోగారావు మట్టి పోసి కప్పాడు.

*

ఫిబ్రవరి మొదట్లో బడి తెరిచారు. మూడువందల పన్నెండు మందిలో రెండువందల నలభై మంది వచ్చారు. ఊర్మిళ ఇల్లిల్లూ తిరిగి మరో ముప్ఫైమందిని పట్టుకొచ్చింది. ఐదో తరగతికి భాగహారం దగ్గరనుంచి మళ్ళీ మొదలుపెట్టింది. హాజరు పిలిచేటప్పుడు మంగ్లి పేరు దగ్గరకొచ్చాక రెండు రోజులు దాన్ని దాటేసింది. మూడో రోజు ఆ పేరు పెద్దగా పిలిచి, పిల్లలతో మంగ్లి చనిపోయిందని చెప్పింది. అందరికీ ముందే తెలుసు. అయినా విన్నారు.

జీలుగుమెట్టకు మళ్ళీ వెళ్ళలేదు. పెట్టె పలకడం మానేసిందని ఆ ముసలామె ఎదుట నిలబడి చెప్పే ధైర్యం లేక, ఆదివారం వస్తే ఏదో ఒక పని పెట్టుకునేది.

బడి తెరిచిన తొమ్మిదో రోజు మధ్యాహ్నం, పిల్లలు అన్నాలకి వరుసలో కూర్చున్నప్పుడు, గేటు దగ్గర ఏదో కలకలం వినిపించింది. జోగారావు పరుగున వచ్చాడు.

"టీచరమ్మా, జీలుగుమెట్ట ముసలమ్మ దిగొచ్చింది. ఒంటిగా. నిన్న బయలెల్లిందట. దారిలో రాళ్ళగెడ్డలో పడుకుందట."

దాలింబ వరండా చివర నిలబడి ఉంది. భుజాన చిన్న మూట. పాదాలనుంచి మోకాళ్ళదాకా ఎర్రటి దుమ్ము. అంతమంది పిల్లల్ని ఒక్కచోట చూసి బెదిరినట్టుంది. ఊర్మిళ ఎదురు వెళ్ళింది. చెప్పవలసిన మాటలు లోపల కూడగట్టుకుంటోంది. పెట్టె ఎందుకు ఆగిపోయిందో, తనెందుకు రాలేకపోయిందో.

దాలింబ ఏమీ అడగలేదు. దగ్గరకొచ్చి, అరచెయ్యి తిప్పి, వేళ్ళ వెనక భాగం ఊర్మిళ నుదుటి మీద ఆనించింది. తరవాత మెడ దగ్గర. కాసేపు అలాగే ఉంచి, ఊపిరి వదిలి, వెనక్కి తిరిగి ఏదో అంది.

వరుసలో కూర్చున్న ఒక కువి పిల్ల అన్నం ముద్ద చేతిలో పట్టుకుని లేచి నిలబడింది. "టీచర్, పెట్టెలో మీ మాట రావట్లేదంట. గొంతు ముందే బాగోలేదంట. మీకు జ్వరమొచ్చిందనుకుందంట. జ్వరం లేదు, ఒళ్ళు చల్లగానే ఉందంటోంది."

దాలింబ మూట విప్పింది. లోపల ఎండు పిప్పళ్ళు, ఆకులో చుట్టిన తేనెపట్టు ముక్క ఉన్నాయి. గొంతుకు మంచివని సైగ చేసి చూపించింది.

ఊర్మిళ అక్కడే, పిల్లలందరి ఎదుట, కింద కూర్చుని ఏడ్చింది. ఏడు నెలల్లో ఒక్కసారి కూడా ఏడవలేదు. పిల్లలు తినడం ఆపి చూశారు. దాలింబ ఆమె పక్కన కూర్చుని, ఎవరో తెచ్చిపెట్టిన పళ్ళెంలో అన్నం కలుపుకుని నిదానంగా తింది. ఆకలి మీద ఉంది. తింటూ తింటూ ఎడం చేత్తో ఊర్మిళ వీపు నిమిరింది.

ఎండ వాలకముందే వెళ్ళిపోవాలని లేచింది. కొండ మీద మేకలున్నాయట. ఊర్మిళ ఐదో తరగతి పిల్లల్ని జోగారావుకి అప్పజెప్పి ఆమెతో పాటు నడిచింది. గేటు దాటి, తారురోడ్డు దాటి, కాలిదారి పట్టాక ముసలామె మాట్లాడడం మొదలుపెట్టింది. మంగ్లి గురించి చెబుతోంది. పుట్టినప్పుడు ఎంత ఉండేదో, ఏ చెట్టెక్కి పడిందో, ఏం పెడితే తినేది కాదో. మూడు మాటల్లో ఒకటే తెలిసింది ఊర్మిళకు. అర్థం కానిచోటల్లా ఆగి, నోరు తిరగని కువిలో, తప్పులతోనే అడిగింది. దాలింబ కూడా ఆగి, మళ్ళీ మొదటినుంచి చెప్పింది.